తుపాకి వెనుక మనిషి: శామ్యూల్ కోల్టు

సెర్జియో లియోనీ 1966లో తీసిన 'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' చిత్రాన్ని చూచినవారికి ఒక ఘట్టం జ్ఞాపకముండే ఉంటుంది. టూకో అనే బందిపోటు ఆయుధాల దుకాణంలో ప్రవేశించి, బల్లమీది రివాల్వర్లను విడదీస్తాడు. ఒకదాని గొట్టాన్ని మరొకదాని చట్రానికి తగిలిస్తాడు. గుండ్లు నింపే చక్రాన్ని చెవివద్ద తిప్పి, శ్రుతి చూచుకొనే వైణికునివలె ఆలకిస్తాడు. చూడముచ్చటైన దృశ్యమే గాని, జరిగే పని కాదు. వేర్వేరు కంపెనీల భాగాలు అట్లా అతకవు. కనీసం ఒకే కంపెనీ తుపాకుల భాగాలైనా ఆకురాయి తాకకుండా ఒకదానిలో ఒకటి ఒదగాలని కలగన్న మనిషి ఒకడున్నాడు. అతడే శామ్యూల్ కోల్టు.

కోల్టు 1814 జూలై 19న అమెరికాలో, కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో జన్మించాడు. పసితనంలోనే తల్లి పోయింది. చదువు సాగలేదు. 1830లో, పదహారేండ్ల ప్రాయాన, కోర్వో అనే ఓడ ఎక్కి మన కలకత్తాకు ప్రయాణమైనాడు. ఆ ప్రయాణంలోనే, తిరిగి నిలిచే ఓడచక్రాన్ని చూచి, కొయ్యతో రివాల్వరు నమూనా చెక్కినట్లు తరువాత చెప్పుకొన్నాడు. తిరిగే తుపాకి అతనితోనే పుట్టలేదు. ఎలీషా కోలియర్ 1818లోనే ఇంగ్లండులో అటువంటి దానికి పేటెంటు పొందాడు. సుత్తిని వెనుకకు లాగగానే చక్రం తనంత తాను ఒక గది తిరిగి, గొట్టానికి ఎదురుగా బిగిసి నిలిచే ఏర్పాటు కోల్టుది.

నమూనాలకు డబ్బు కావాలి. అందుకై ఈ యువకుడు డాక్టరు వేషం వేసి, ఊరూరా తిరిగి, జనానికి హాస్యవాయువు పీల్పించి రుసుము వసూలు చేశాడు. ఆ వేషానికి తగిలించుకొన్న బిరుదులలో కలకత్తా పేరు కూడా ఉండేది. తరువాత వేలకొలది తుపాకులను అమ్మిన నేర్పుకు ఇదే అక్షరాభ్యాసం అనవచ్చు.

1836లో అమెరికా పేటెంటు లభించింది. పాటర్సన్‌లో పెట్టిన కర్మాగారం మాత్రం 1842లో దివాలా తీసింది. అదే యేడు, హత్యానేరంపై మరణశిక్ష పడిన అన్న జాన్ చెరసాలలో కత్తిపోటుతో చనిపోయి కనిపించాడు.

అతనిని తిరిగి నిలబెట్టినది టెక్సాసు. అక్కడి కొమాంచీలు, ఒంటిగుండు తుపాకిలో మందు కూరే వ్యవధిలో గుర్రంమీదనుండి ఎన్నో బాణాలు వేయగలిగేవారు. 1844లో టెక్సాసు రేంజర్లు పాటర్సన్ రివాల్వర్లతో తమకంటె ఎన్నో రెట్లున్న కొమాంచీలను ఓడించారు. సొంత నేలమీద నిలిచిన ఆ జాతికి ఆ దినం ఏమి తెచ్చిందో మన చిత్రాలు చూపడం అరుదు. ఆ పోరులో ఉన్న శామ్యూల్ వాకర్ కారణంగా 1847లో ప్రభుత్వం వేయి రివాల్వర్లు కోరింది. కోల్టుకు అప్పుడు కర్మాగారమే లేదు. విట్నీ కర్మాగారంలో చేయించాడు. ఒక్కొక్కటి రెండు కిలోలకు మించిన బరువు!

1855లో హార్ట్‌ఫర్డ్ నదీతీరాన అతడు కట్టించిన కర్మాగారమే, నా దృష్టిలో, తుపాకికంటె గొప్ప సృష్టి. ఎలీషా రూట్ పర్యవేక్షణలో ఒక్కొక్క యంత్రం ఒక్కొక్క కోతనే కోసేది. అయినా కల పూర్తిగా ఫలించలేదు. చివరికి పనివాడు చేతితో రాచి అమర్చవలసి వచ్చేది. ఒక తుపాకి భాగాలు మరొకదానిలో కలిసిపోకుండా అన్నింటిమీద ఒకే సంఖ్య ముద్రించేవారు.

వ్యాపారంలో కోల్టుకు పక్షం లేదు. పరస్పరం పోరాడుతున్న టర్కీ సుల్తానుకు, రష్యా జారుకు ఇద్దరికీ బంగారం పొదిగిన రివాల్వర్లు కానుక చేశాడు. అమెరికా అంతర్యుద్ధం ముంగిట నిలిచినా దక్షిణాదివారికి అమ్మకం ఆపలేదు. 1862 జనవరి 10న, నలుబదియేడవ యేట, అపార ధనం విడిచి మరణించాడు.

ఆ చిత్రకథ జరిగినది సరిగా ఆ సంవత్సరమే. అందులో క్లింట్ ఈస్ట్‌వుడ్ ధరించినది 1851 నాటి నేవీ నమూనా. దాని ప్రతి గదిలోను ముందునుండి మందు, సీసపు గుండు కూరి, వెనుక టోపీ తొడగాలి. తెరమీద మాత్రం వెనుకనుండి లోహపు తూటాలు దూరుస్తారు. ఆ పద్ధతికి 1855లో పేటెంటు పొందిన రోలిన్ వైట్ ఒకప్పుడు కోల్టు వద్ద పనిచేసినవాడే. హక్కు మాత్రం స్మిత్ అండ్ వెస్సన్‌కు చేరింది. 1869లో గడువు తీరేదాకా కోల్టు కంపెనీ దానిని ముట్టలేకపోయింది. కౌబాయి చిత్రాలన్నిటా మెరిసే 'పీస్‌మేకర్' 1873 నాటిది. తన పేరును తెరకెక్కించిన తుపాకిని కోల్టు కన్నులారా చూడనేలేదు.

1864లో కర్మాగారం కాలిపోతే, తిరిగి కట్టించినది అతని భార్య ఎలిజబెత్. భర్తకు, పసితనంలో పోయిన బిడ్డలకు స్మారకంగా ఆమె హార్ట్‌ఫర్డ్‌లో ఒక చర్చిని కూడా నిర్మించింది. పనివారు ప్రవేశించే ద్వారం చుట్టూ, సిలువతోపాటు, రివాల్వరు భాగాలు విడివిడిగా రాతిలో చెక్కి ఉన్నాయి.