బొగ్గుముక్కే కలమైన వేళ

కారాగారంలో మనిషికి మిగిలేవి బహు కొద్ది వస్తువులు. ఆ కొద్దిపాటిలోనే ఆనందాన్ని వెదకుకొనగలవాడు ధన్యుడు. మహాకవి దాశరథి కృష్ణమాచార్యుల జీవితంలో అటువంటి వస్తువు ఒక బొగ్గుముక్క.

దాశరథి 1925 జూలై 22న నాటి వరంగల్లు జిల్లా చిన్నగూడూరులో జన్మించారు. తండ్రి వేంకటాచార్యులు సంస్కృత పండితులు. ఇంట సంస్కృతాంధ్రాలు, బడిలో ఉర్దూ. ఈ రెండు ధారల నడుమ ఆయన బాల్యం గడిచింది. నిజాం రాజరికాన్ని ఎదిరించిన ప్రజోద్యమంలో చేరి నిర్బంధానికి గురై, వరంగల్లు చెరసాల మీదుగా నిజామాబాదు ఖిల్లా జైలు చేరారు.

జైలులో ఒకరోజు మరొకరోజును పోలి ఉంటుంది. తాళం తీయడం, తలలు లెక్కించడం, కూడు, మళ్ళీ తాళం. తెల్లవారగానే పళ్ళు తోముకొనడానికి ఖైదీలకు బొగ్గు ఇచ్చేవారు. కాగితం, కలం లేని ఆ యువకవికి అదే లేఖిని, గోడయే పుటగా మారింది. నిజామును నిలదీస్తూ వ్రాసిన పద్యాన్ని అధికారులు చెరిపించేవారు. మరునాడు మళ్ళీ బొగ్గు, మళ్ళీ పద్యం!

చెరిపిన పద్యం ఏమయ్యేది? తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి దానిని కంఠస్థం చేసేవారు. ఒకప్పుడు వంటపని, హోటలు పని చేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన పుస్తకప్రియుడాయన. పుస్తకాలు లేనిచోట తానే పుస్తకమయ్యారు. ఒకరు పద్యం చెప్పడం, మరొకరు దానిని నెమరువేయడం — ఆ చీకటి గదిలో ఇంతకు మించిన వేడుక ఏముంటుంది? 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చి ఆ ఋణం తీర్చుకొన్నారు. ఆళ్వారుస్వామి సైతం ఆ అనుభవాలనే ‘జైలు లోపల’ కథలుగా మలిచారు.

తరువాతి జీవితం సుప్రసిద్ధమే. 1974లో ‘తిమిరంతో సమరం’కు సాహిత్య అకాడమీ పురస్కారం, 1977లో ఆస్థానకవి పదవి లభించాయి. 1987 నవంబరు 5న ఆయన కన్నుమూశారు.

అయితే మనం ప్రత్యేకంగా స్మరించవలసినది మరొకటి ఉన్నది. తనను బంధించిన ప్రభుత్వపు అధికారభాష ఉర్దూ. అయినా ఆ భాషపై ఆయన పగ పెంచుకొనలేదు. 1961లో ‘గాలిబ్ గీతాలు’ పేరిట మీర్జా గాలిబ్ హృదయాన్ని తెలుగువారి ముంగిట నిలిపారు. రాజు వేరు, భాష వేరు. పాలన వేరు, ప్రజలు వేరు అన్న వివేకం ఆయనది. ఇంట ఉర్దూ మాట్లాడి తరగతిలో తెలుగు చదివే మన విద్యార్థులకు ఇంతకంటె దగ్గరి కవి ఎవరు? జైలుగోడ మీది బొగ్గుగీతలు చెరిగిపోయాయి. ఆయన రెండు భాషల నడుమ వేసిన బాట మాత్రం చెరగలేదు.