గారీ గైగాక్స్

ఎర్నెస్ట్ గారీ గైగాక్స్ (జూలై 27, 1938 - మార్చి 4, 2008) అమెరికాకు చెందిన ఆటల రూపకర్త, రచయిత. డేవ్ ఆర్నెసన్‌తో కలిసి రూపొందించిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటతో ప్రసిద్ధి పొందాడు. బల్ల చుట్టూ కూర్చుని కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఈ ఆటలో డంజియన్ మాస్టర్ అనే నిర్వాహకుడు ఒక కల్పిత ప్రపంచాన్ని వర్ణిస్తాడు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏమి చేస్తుందో చెబుతారు. ఏమైనా చేయగల స్వేచ్ఛ ఉన్నందువలన పాత్ర చేత దుష్కార్యాలు చేయించే స్వేచ్ఛ కూడా ఆటగాడికి ఉంటుంది. ఆ స్వేచ్ఛకు హద్దు ఎవరు విధించాలన్నది గైగాక్స్‌ను జీవితాంతం వదలని ప్రశ్న.

తొలి జీవితం

గైగాక్స్ చికాగో నగరంలో జన్మించాడు. తండ్రి స్విట్జర్లాండ్ నుండి వలస వచ్చిన వయొలిన్ విద్వాంసుడు. 1946లో వీరి కుటుంబం విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణానికి తరలివెళ్ళింది. ఉన్నత పాఠశాల చదువు పూర్తి చేయకుండానే మానివేసిన గైగాక్స్ చాలాకాలం బీమా సంస్థలో ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగం పోయిన తరువాత చెప్పులు బాగుచేస్తూ కుటుంబాన్ని పోషించాడు. యుద్ధక్రీడలపై ఆసక్తితో 1968లో లేక్ జెనీవాలో జెన్ కాన్ అనే ఆటల సమ్మేళనాన్ని ప్రారంభించాడు. ఆర్నెసన్ పరిచయమైనది మరుసటి ఏటి సమ్మేళనంలోనే. 1973లో చిన్ననాటి మిత్రుడు డాన్ కేతో కలిసి టీఎస్ఆర్ సంస్థను స్థాపించాడు. 1974 జనవరిలో ఆట 1000 ప్రతులతో వెలువడింది.

ధర్మాధర్మాల నియమాలు

తొలి ముద్రణలో ప్రతి పాత్రా క్రమం, తటస్థం, అరాచకం అనే మూడు పక్షాలలో ఒకదానిని ఎన్నుకోవలసి ఉండేది. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ నవలల నుండి వచ్చిన ఈ విభజనలో మంచి చెడుల ప్రసక్తి స్పష్టంగా లేదు. 1976లో ఒక వ్యాసం ద్వారా గైగాక్స్ మంచి, చెడు అనే రెండవ కొలమానాన్ని చేర్చాడు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఇవి తొమ్మిది స్వభావాలుగా స్థిరపడ్డాయి. అదే గ్రంథం ప్రకారం పాలడిన్ అనే ధర్మయోధుడు తెలిసి ఒక్క దుష్కార్యం చేసినా ఆ హోదాను శాశ్వతంగా కోల్పోతాడు. హంతకుడి పాత్రకూ అందులో చోటున్నది గాని, ఆ పాత్ర దుష్టస్వభావం కలదై ఉండాలి. అనగా గైగాక్స్ చెడును నిషేధించలేదు, దానికి పేరు పెట్టి వెల కట్టాడు. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో పాత్ర ప్రవర్తన ఎటు మొగ్గుతున్నదో నిర్వాహకుడు నమోదు చేస్తూ ఉండాలని, స్వభావం మారితే పాత్ర ఒక స్థాయిని కోల్పోవాలని నిర్దేశించాడు. పాత్రను దుష్టుడిగా నడపడం వేరు, తోటి ఆటగాళ్ళను వేధించడం వేరు అన్న తేడా కూడా ఆ గ్రంథంలో కనబడుతుంది. రెండవదానికి శిక్షలు వేరుగా ఉన్నాయి, అవసరమైతే బహిష్కరణ కూడా.

ఆచరణలో అతని పద్ధతి పుస్తకంలోని నియమాలకంటే సరళమైనది. మిత్రుడైన రాబ్ కుంట్జ్ రోబిలార్ అనే స్వార్థపరుడైన యోధుడి పాత్రను ధరించేవాడు. రోబిలార్ ఒక దుష్టదేవాలయాన్ని కొల్లగొట్టి, అందులో బంధింపబడిన ఒక రాక్షసిని విడిపించాడు. గైగాక్స్ ఆ పనిని అడ్డుకోలేదు. అయితే ఆ ప్రపంచంలోని ధర్మపక్ష సేనలు రోబిలార్‌ను వెంటాడగా అతడు తన కోటను వదలి పారిపోవలసి వచ్చింది. పుస్తకంలోని స్థాయి నష్టంకంటే ఈ పర్యవసానమే ఆటకు ఎక్కువ వన్నె తెచ్చిందని చెప్పవచ్చు.

వివాదాలు

1980వ దశకంలో ఈ ఆట యువకులను క్షుద్రపూజల వైపు, ఆత్మహత్యల వైపు మళ్ళిస్తున్నదని అమెరికాలో తీవ్ర ఆరోపణలు వచ్చాయి. కుమారుడిని కోల్పోయిన ఒక తల్లి 1983లో ఇందుకు వ్యతిరేకంగా బ్యాడ్ అనే సంస్థను నెలకొల్పింది. 1985లో సిక్స్‌టీ మినిట్స్ టెలివిజన్ కార్యక్రమంలో గైగాక్స్ ఈ ఆరోపణలను ఖండించాడు. ఆ ఏడే సంస్థపై ఆధిపత్యం కోల్పోయి, 1986 చివరలో టీఎస్ఆర్‌ను విడిచిపెట్టాడు. అతని ప్రమేయం లేకుండా 1989లో వెలువడిన రెండవ కూర్పు నుండి హంతకుడి పాత్రను తొలగించారు.

గైగాక్స్ తీర్పులన్నీ నేటి ఆటగాళ్ళకు సమ్మతమైనవి కావు. అతడు రచించిన ద కీప్ ఆన్ ద బోర్డర్‌లాండ్స్ సాహసగాథలో ఓర్క్ వంటి శత్రుజాతుల గుహలలో స్త్రీలు, పిల్లలు కూడా ఉంటారు. వారిని ఏమి చేయాలన్న చిక్కు ఎన్నో బల్లల వద్ద వాదులాటలకు దారితీసింది. లొంగిపోయిన దుష్టులను పాలడిన్ వధించడం తప్పు కాదని 2005లో అభిమానుల ప్రశ్నలకు సమాధానమిస్తూ గైగాక్స్ వాదించాడు. అందుకు సమర్థనగా 1864లో శాండ్ క్రీక్ వద్ద అమెరికా ఆదివాసులను ఊచకోత కోయించిన కల్నల్ చివింగ్‌టన్ పేరిట ప్రచారంలో ఉన్న మాటను ఉదహరించాడు. పసిపిల్లల హత్యను సమర్థించే ఆ మాటను ధర్మయోధుడి విషయంలో వాడడం తీవ్ర విమర్శకు గురైంది.

చివరి రోజులు

టీఎస్ఆర్‌ను వీడిన తరువాత డేంజరస్ జర్నీస్ (1992), లెజెండరీ అడ్వెంచర్ (1999) ఆటలను రూపొందించాడు గాని అవి మొదటి ఆటకు సాటి రాలేదు. 2008 మార్చి 4న లేక్ జెనీవాలో మరణించాడు. స్వభావం మార్చుకుంటే స్థాయి కోల్పోవాలన్న నియమాన్ని తరువాతి కూర్పులలో వదిలివేశారు. అతడు మరణించిన మూడు నెలలకు వెలువడిన నాలుగవ కూర్పు తొమ్మిది స్వభావాలను ఐదుకు కుదించింది. 2014 నాటి ఐదవ కూర్పులో ఆ తొమ్మిదీ తిరిగి చేరాయి.