తబలా విద్యానిధి ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్

మా ఉప్పల్, నాచారం బస్తీలలో పెళ్ళి బరాత్ కదిలిందంటే మర్ఫా మోత వినపడుతుంది. కుర్రకారు చిందులేస్తారు. పెద్దవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి నిలబడి చూస్తారు. కానీ ఆ వాద్యం ఎక్కడిదీ, మన వీధిలోకి ఎట్లా వచ్చిందీ అని పిల్లలడిగితే చెప్పగలిగినవారు మనలో ఎంతమంది? బళ్ళో సంగీతం చెప్పే మాష్టార్లకు కూడా ఒక వాద్యం తెలిస్తే మరొకటి తెలియదు. ఈ మాట అనుకున్నప్పుడల్లా మాకు గుర్తుకు వచ్చే పేరు ఒకటి వుంది. హైదరాబాదులో వుండి, ఉత్తరాది తబలా విద్యలో నాలుగైదు దారులను ఒక్క చోట పోగుచేసి, అడిగినవారికి నేర్పిన ఉస్తాద్ షేక్ దావూద్ ఖాన్ గారి పేరు. ఆ మహనీయుని జీవితాన్ని ఈ సంచిక పాఠకులకు పరిచయం చేయడం మా విధిగా భావిస్తున్నాము.

దావూద్ ఖాన్ గారు 1916లో షోలాపూరులో జన్మించారు. షోలాపూరు మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణ నుంచి పద్మశాలీలు నేతపనికి వెళ్ళి వేల కుటుంబాలుగా స్థిరపడిన ఊరు. వీధుల్లో మరాఠీ, తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే ఊరు. అక్కడే మహమ్మద్ ఖాసిం గారి దగ్గర ఆయన తబలాకు శ్రీకారం చుట్టారు. తరువాత హైదరాబాదు చేరి ఇక్కడి అల్లాదియా ఖాన్ గారిని ఆశ్రయించారు. పూనాలో వున్న మహబూబ్ ఖాన్ మిరజ్‌కర్ గారి దగ్గర, ఇందోరులో వున్న జహంగీర్ ఖాన్ గారి దగ్గర కూడా విద్య గ్రహించారు.

ఇంతమంది గురువుల దగ్గర నేర్చుకోవడం ఇప్పటి పిల్లలకు పెద్ద విశేషంగా తోచకపోవచ్చు. ఆ రోజుల సంగతి వేరు. తబలాలో ఢిల్లీ, అజ్రాడా, లక్నో, ఫరూఖాబాద్, బనారస్, పంజాబ్ అని ఆరు ఘరానాలు వున్నాయి. ఏ ఘరానా విద్య ఆ ఇంటి సొత్తు. కొడుక్కి చెప్పిన బోలు శిష్యుడికి చెప్పరు, శిష్యుడికి చెప్పింది పొరుగువాడి చెవిన పడనివ్వరు. ఫరూఖాబాద్ ఘరానాకు మూలపురుషుడైన హాజీ విలాయత్ అలీ ఖాన్ గారికి లక్నోలోని మామగారు కూతురితో పాటు కొన్ని గత్తులను కట్నంగా యిచ్చారని సంగీతం వాళ్ళు నేటికీ చెప్పుకుంటారు. బంగారం యిచ్చినట్టు అక్షరాలు యిచ్చారన్న మాట! అంత గుట్టుగా దాచుకున్న విద్యను నలుగురి దగ్గర సంపాదించాలంటే ఎంత సేవ, ఎంత ఓర్పు కావాలో ఊహించుకోవచ్చు.

ఘరానాల మధ్య తేడా పేరులో మాత్రమే కాదు, చేతిలో వుంది. ఢిల్లీ వారు చూపుడువేలు, నడిమివేలు ఎక్కువగా వాడి తబలా అంచు మీద, కినార్ మీద, సన్నగా స్పష్టంగా పలికిస్తారు. అజ్రాడా మీరట్ దగ్గర ఒక పల్లె. అక్కడివారు ఢిల్లీ విద్యనే నేర్చి, నడకను మూడు మూడుగా వంచి, ఎడమచేతి డగ్గాకు కొత్త గమకం తెచ్చారు. లక్నో, ఫరూఖాబాద్ వారు అరచేయి విప్పి నిండుగా వాయిస్తారు. వీటన్నిటినీ నేర్చినవాడికి ఒక చిక్కు వస్తుంది. కలగాపులగం చేస్తే ఏదీ మిగలదు. దావూద్ ఖాన్ గారి గొప్పతనం అక్కడే వుంది. ఏ ఘరానా కాయదా వాయిస్తే ఆ ఘరానా చెయ్యే కనిపించాలన్నది ఆయన పద్ధతి. అందుకే ఆయన్ని వాద్యకారులు పండితుడిగా కూడా గౌరవించారు.

కాయదా అంటే తెలియనివారి కోసం ఒక్క మాట. కొద్దిపాటి అక్షరాలతో కట్టిన నియమం అది. ధా, తిరకిట, ధిన్ వంటి ఆ అక్షరాలను దాటిపోకుండా, వాటినే తిప్పి మళ్ళించి పల్టాలు అల్లాలి. చివరికి ఒకే ముక్కను మూడుసార్లు అని, మూడోసారి సరిగ్గా తాళం మొదటి దెబ్బ మీద, అనగా సమ్ మీద, వాలాలి. పదహారు మాత్రల తీన్‌తాల్‌లో ఒక్క వెంట్రుకవాసి తప్పినా సభలో తెలిసిపోతుంది. లెక్కల మాష్టారికీ సంగీతం మాష్టారికీ ఇక్కడ చుట్టరికం కలుస్తుంది.

దావూద్ ఖాన్ గారి బ్రతుకుతెరువు రేడియో. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాదు కేంద్రంలో ఆయన తబలా కళాకారుడిగా పనిచేశారు. రేడియోలో తబలా వాయించడం తేలిక అనుకునేవారు పొరపాటు పడినట్టే. పొద్దున ఖయాల్ గాయకుడు వస్తాడు, మధ్యాహ్నం సితార్ వస్తుంది, సాయంత్రం గజల్ వుంటుంది. ఒక్కొక్కరి నడక ఒక్కొక్క తీరు. తన విద్య అంతా చూపించాలని తబలా ముందుకు దూకితే పాట చెడుతుంది. అణిగి వుండవలసిన చోట అణిగి, పాటగాడు చోటు యిచ్చినప్పుడే చెయ్యి విప్పాలి. సంగత్ అని పిలిచే ఈ వినయం తబలా విద్యలో సగం.

మిగతా సగం బోధన. ఆయన శిష్యుల్లో హిందువులు, ముస్లిములు, మరాఠీవారు, తెలుగువారు అందరూ వున్నారు. పండిత్ కిరణ్ దేశ్‌పాండే వంటి పేరుగాంచిన తబలా విద్వాంసులు ఆయన విద్య అందుకున్నారు. కుమారుడు షబ్బీర్ నిసార్ గారు కూడా తండ్రి దారిలోనే నడిచారు. ఎన్నో ఇళ్ళ తలుపుల వెనక దాగిన విద్యను సంపాదించి, తన తలుపు మాత్రం తెరిచి వుంచిన మనిషి ఆయన.

సరిగ్గా ఆయన కాలంలోనే తబలా సముద్రాలు దాటింది. ఉస్తాద్ అల్లా రఖా గారు పండిత్ రవిశంకర్ గారితో కలిసి 1967లో అమెరికాలోని మాంటెరీలో, 1969లో వుడ్‌స్టాక్‌లో వాయించారు. ఆయన కుమారుడు జాకిర్ హుసేన్ గారు ఆఫ్రికా, బ్రెజిల్, పోర్టోరికో వాద్యకారులతోను, మన ఘటం విద్వాంసులు విక్కు వినాయక్‌రామ్ గారితోను కలిసి పాల్గొన్న ప్లానెట్ డ్రమ్ అనే రికార్డుకు 1992 ఫిబ్రవరిలో గ్రామీ బహుమతి వచ్చింది. ప్రపంచపు డప్పులన్నీ ఒకే కుటుంబమని లోకం ఒప్పుకున్న రోజది. ఆ మరుసటి నెలలోనే, 1992 మార్చిలో, దావూద్ ఖాన్ గారు కన్నుమూశారు. ఒకరు తీసుకువెళ్ళి లోకానికి చూపించాలి, ఒకరు కూర్చుని దాచి నేర్పించాలి. మొదటివారి పేరు పత్రికల్లో వస్తుంది. రెండోవారు లేకపోతే మొదటివారికి తీసుకువెళ్ళడానికి ఏమీ వుండదు.

ఇప్పుడు మళ్ళీ మన వీధికి వద్దాము. ప్రపంచ వాద్యాల కోసం అమెరికా పోనక్కరలేదు. మన మర్ఫా ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతోను, హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులతోను హైదరాబాదు చేరింది. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ వున్న చోటే నేటి ఏ.సి. గార్డ్స్. అరబ్బుల పేట బార్కస్. దఫ్ అరబ్బు దేశాలది. పక్క వీధిలో మోగే డప్పు అచ్చంగా తెలుగుది. మేకతోలు బిగించి, మంట దగ్గర కాచి, చిర్రతోను చిటికెన పుల్లతోను వాయిస్తారు. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దితే, తబలాకు రెండు పక్కలా నల్లటి సియాహీ శాశ్వతంగా వుంటుంది. తోలు ఒకటే, ముద్ద మారితే నాదం మారుతుంది. ఇంతకన్న మంచి సైన్సు పాఠం ఏ పుస్తకంలో వుంది?

నాచారంలో రామకృష్ణా సినీ స్టూడియో వెలసిన నాటినుంచి పాటల షూటింగులు చూసిన ప్రాంతం మాది. దూరదర్శన్ కేంద్రం పక్కనే రామంతాపూర్‌లో వుంది. అయినా మన ఇళ్ళలో పిల్లవాడు తబలా నేర్చుకుంటానంటే తండ్రి ముఖం చిట్లిస్తాడు. తిండి పెడుతుందా అని అడుగుతాడు. ఆ ప్రశ్న తప్పని మేము అనము. బీద ఇంటి తండ్రి అడగవలసిన ప్రశ్నే అది. సంగీతం తగునా తగదా అన్న పెద్దల చర్చలోకీ మేము పోము. కానీ బ్యాండు వాళ్ళనీ, మర్ఫా వాళ్ళనీ పెళ్ళినాడు పిలిచి, మర్నాడు చిన్నచూపు చూడటం మాత్రం న్యాయం కాదు. వాళ్ళ చేతుల్లో వున్నది కూడా విద్యే. అది రాసిపెట్టిన విద్య కాదు. చెయ్యి ఆగితే విద్యా ఆగుతుంది. ఇప్పటికే డీజే పెట్టెలు వచ్చి చాలా చేతులు ఖాళీ అయ్యాయి.

కనుక ఉప్పల్, నాచారం బడుల పెద్దలకు మా మనవి ఒక్కటే. సంగీతం పీరియడ్‌లో ఏడాదికి నాలుగు రోజులైనా వాద్యాలను పక్కపక్కన పెట్టించండి. ఒకనాడు తబలా, ఒకనాడు మృదంగం, ఒకనాడు డప్పు, ఒకనాడు దఫ్, మర్ఫా. వాయించేవారిని పిలిచి, కుర్చీ వేసి, గౌరవంగా పారితోషికం యిచ్చి, పిల్లల చేత ముట్టించండి. మాష్టార్లు కూడా పిల్లలతో పాటు కింద కూర్చుని నేర్చుకుంటే తప్పేమీ లేదు. నలుగురు గురువుల ముందు కూర్చోవడానికి దావూద్ ఖాన్ గారే సిగ్గుపడలేదు. ఆయన తెరిచి వుంచిన తలుపును మనం మూయకుండా వుంటే, అదే ఆ ఉస్తాద్‌కు మనమిచ్చే సలాం.