వెలుగు బొమ్మల శిల్పి - ఎమిల్ రేనో

బొమ్మల చలనచిత్రములు తయారగు విధమును తెలుపు ప్రదర్శనశాలలలో ఒక గుండ్రని డబ్బా తఱచుగా కానవచ్చును. దాని లోపలి అంచున ఒక కాగితపు పట్టీయు, నడుమ చిన్న చిన్న అద్దములును ఉండును. పట్టీపై పండ్రెండు బొమ్మలు కలవు. ఒకదానికిని మరియొకదానికిని భేదము ఇంచుకయే. డబ్బాను త్రిప్పినంతనే అద్దములలోని బొమ్మ గంతులు వేయసాగును. పిల్లలు దానిని ఒక పట్టున విడువరు. పెద్దలును విడువరనుట సత్యము. దీనిని కల్పించినవాడు ఎమిల్ రేనో అను ఫ్రాన్సు దేశస్థుడు.

రేనో 1844వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన పారిస్ నగర సమీపమునందలి మోంత్రయి అను ఊర జన్మించెను. తండ్రి పతకములు చెక్కుటలో నేర్పరి. తల్లి కొంతకాలము ఉపాధ్యాయినిగా నుండినది; చిత్రలేఖనము చక్కగా ఎఱిగినది. బాలునకు ఇల్లే పాఠశాల యయ్యెను. తండ్రివలన పనిముట్లు పట్టుటయు, తల్లివలన కుంచె పట్టుటయు అతనికి అలవడెను. పిదప అతడు సూక్ష్మయంత్రముల పని నేర్చెను. ఛాయాచిత్రములకు మెఱుగులు దిద్దెను. మాజిక్ లాంతరుతో విజ్ఞానోపన్యాసములిచ్చు ఒక మతాచార్యునికి సహాయకుడయ్యెను. తండ్రి గతించిన తరువాత ల ప్యూయి పట్టణమున నివసించుచు, తానును తెరపై చిత్రములు చూపి శాస్త్రపాఠములు చెప్పెను.

కదలు బొమ్మల డబ్బాలు అంతకు పూర్వమును కలవు. కాని వానిలోని బొమ్మలను సన్నని చీలికలగుండ చూడవలసియుండుటచే అవి మసకగా కనబడెడివి. రేనో ఆ చీలికలను తొలగించి, నడుమ పండ్రెండు అద్దములను అమర్చెను. బొమ్మలు కాంతివంతములయ్యెను. 1877లో ఈ యంత్రమునకు పేటెంటు పొందెను. మఱుసటి యేట పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనమున దానికి ప్రశంస లభించెను.

ఆ బొమ్మలను అమ్ముకొనుచు అతడు సుఖముగా జీవింపవచ్చును. కాని పండ్రెండు బొమ్మలతో కథ నడువదు గదా! తిరిగి తిరిగి అదే గంతు. కావున వందలకొలది బొమ్మలను ఒక పొడవైన పట్టీగా కూర్చవలెనని అతడు సంకల్పించెను. జెలటిను రేకులపై ఒక్కొక్క బొమ్మను చేతితో చిత్రించి, రేకులను వరుసగా అతికించి, నడుమనడుమ రంధ్రములు చేసెను. చక్రమునకుగల మేకులు ఆ రంధ్రములలో తగులుకొని పట్టీని లాగును. దీపకాంతి అద్దములపై పడి బొమ్మను తెరపై నిలుపును. 1888లో ఈ యంత్రమునకును పేటెంటు పొందెను.

1892వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీన పారిస్‌లోని గ్రెవాన్ ప్రదర్శనశాలలో తొలి ప్రదర్శనము జరిగెను. అందు ఒక కథ పాపము పియరో అను అమాయకునిది. ప్రియురాలికై పాడవచ్చిన అతనిని మరియొకడు కఱ్ఱతో కొట్టును. ఈ కథకు 500 బొమ్మలు. పట్టీ పొడవు 36 మీటర్లు. రేనో పట్టీని ముందుకును వెనుకకును త్రిప్పుచు, ఆ బొమ్మలతోనే కథను సుమారు పావుగంట నడపెడివాడు. గాస్తాఁ పోలాఁ సంగీతము కూర్చెను. 1900 వఱకు జరిగిన 12,000కు పైబడిన ప్రదర్శనలను సుమారు 5 లక్షలమంది తిలకించిరి.

ఇంతలో 1895 డిసెంబరు 28న అదే నగరమున లూమియేర్ సోదరులు తమ చలనచిత్రములను ప్రజలకు చూపిరి. రేనో మాసములతరబడి చిత్రించునన్ని బొమ్మలను వారి కెమెరా ఒక నిమిషములోపలనే గ్రహించెను. రేనో చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. తానును ఛాయాచిత్రములు తీసి, వానిపై రంగులు వేసి ప్రదర్శించెను. అయినను జనము క్రొత్తదానివైపే పోయిరి. 1900లో అతని ప్రదర్శనలు ఆగిపోయెను.

తరువాతి సంవత్సరములలో దారిద్ర్యము అతనిని క్రుంగదీసెను. ఒకనాడు నిరాశతో తన యంత్రమును సుత్తితో పగులగొట్టెను. పట్టీలను సీన్ నదిలో పాఱవైచెను. వానికి వేఱు ప్రతులు లేవు; ప్రతి బొమ్మయు అతని చేతితో వ్రాసినదే గదా! 1918 జనవరి 9న, ప్రథమ ప్రపంచయుద్ధము ఇంకను సాగుచుండగా, ఈవ్రీలోని వైద్యశాలలో అతడు కన్నుమూసెను.

2002వ సంవత్సరమునుండి అక్టోబరు 28వ తేదీని అంతర్జాతీయ యానిమేషన్ దినముగా జరుపుచున్నారు. నదిపాలు గాక మిగిలిన కథాపట్టీలు రెండే. ఒకటి సముద్రతీరమున స్నానమునకు వచ్చిన వారి వినోదకథ. రెండవది పియరో కథ. అందు ఆ అమాయకుడు నేటికిని పాడబోయి దెబ్బలు తినుచునే యున్నాడు.