కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి

తెలుగు క్రైస్తవుల ఆరాధనలలో నేటికిని వినవచ్చు కీర్తనలలో అనేకము పురుషోత్తమ చౌదరిగారివి. ఆయన పుట్టుకచే తెలుగువాడు కాడు. గంజాము సీమలో స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబమున 1803లో జన్మించెను. ఓఢ్రమును, తెలుగును కలసి వినబడు ఆ ప్రాంతమున పెరిగి, ఆ రెండు భాషలలోను, సంస్కృతమునను పరిచయము సంపాదించి, తన హృదయమును విప్పి చెప్పుటకు తెలుగునే ఎన్నుకొనెను. శ్రీకాకుళము, బరంపురము వైపులనుండి వచ్చి భిలాయి, కుమ్హారి ప్రాంతములలో కుదురుకొన్న మనవారికి ఈ సంగతి వింతగా తోపదు.

యౌవనమున ఆయన ఆచారనిష్ఠ గలవాడు, ముక్తిమార్గమునుగూర్చి తపించినవాడు. ఆ దినములలో తెలుగు క్రైస్తవ కరపత్రము చేతికి చిక్కి ఆయన చిత్తమును కలచివైచెను. 1833లో కటకమున బాప్తిస్మము పొందెను. ఆ కాలమున బ్రాహ్మణునకు బాప్తిస్మమనగా జన్నిదమును, కులమును, బంధువర్గమును ఒక్కమాఱుగా వదలుకొనుటయే. భార్య రాధామణి మొదట సమ్మతింపలేదు. గృహస్థునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష వేఱొకటి ఉండునా? తరువాత ఆమెయు భర్తను అనుసరించినది.

ఇచ్చట బైబిలులోని కడపటి గ్రంథమగు ప్రకటన జ్ఞప్తికి వచ్చును. పత్మాసు ద్వీపమున యోహాను కనిన దర్శనములుగా చెప్పబడు ఈ గ్రంథము సుమారు క్రీ. శ. 95 ప్రాంతమున, రోమక చక్రవర్తికి దేవాలయములు కట్టి పూజించుచున్న చిన్న ఆసియాలోని ఏడు సంఘములకు వ్రాయబడినదని పండితులలో పలువురి అభిప్రాయము. అందు మృగము తనవారి కుడిచేతిమీదనో, నొసటిమీదనో ముద్ర వేయించును. ఆ ముద్ర లేనివానికి క్రయవిక్రయములు లేవు. దేవుని సేవకుల నొసళ్లయందును ముద్ర కలదు. మృగసంఖ్యయగు 666 నీరో చక్రవర్తి నామమును సూచించునని పెక్కుమంది తలంతురు. లెక్క ఏదైనను, ప్రశ్న ఒక్కటే: మనుష్యుడు ఎవనివాడు? విచిత్రమేమనగా, అందు మృగమునకు ఎదురు నిలుచునది సింహము కాదు, వధింపబడిన గొఱ్ఱెపిల్ల. నొసటి గుర్తు చూచి ఎవడు ఏ దేవుని భక్తుడో చెప్పు మన దేశమున ఈ సంకేతమునకు దీర్ఘవ్యాఖ్యానము అక్కఱలేదు. అంగడిలో బియ్యము దొరకకపోవుట ఎట్టిదో వెలివేయబడినవారికి తెలియును.

చౌదరిగారు జన్నిదమును విడిచిరి గాని రాగతాళములను విడువలేదు. కర్ణాటక సంగీత ఫణితిలో, కీర్తనకారుల పరంపరలోనే, నూటికి పైగా కీర్తనలు రచించిరి. పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించుచున్న కాలమున ఇది చిన్న పని కాదు. శ్రీకాకుళము, పర్లాకిమిడి మొదలగు చోట్ల బోధకుడుగా చిరకాలము మెలగిరి. నిస్తార రత్నాకరము, కులాచార పరీక్ష మున్నగు గ్రంథములును వ్రాసిరి. ఖండనగ్రంథములను నేడు చదువువారు అరుదు. వానిలోని వాదము కొందఱి మనస్సులను నొప్పించినమాటయు నిజమే.

1890లో, ఎనుబదియేడవ యేట, ఆయన దివంగతుడయ్యెను. లూథరను, బాప్టిస్టు, దక్షిణ ఇండియా సంఘములన్న భేదము లేక ఆయన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమున చోటు చేసికొన్నవి.