ఒకే చీటీలో రెండు మందులు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. (బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు ఈ లైను ఇంకోసారి చదువుకోండి!) మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. ఎంబీబీఎస్ రావాల్సినాయనకి ఎల్‌ఎంఎస్ అనే చిన్న డిగ్రీ ఇచ్చారు. ఆ రోజుల్లోనే ఆయన సోదరుడు ఒకరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. అయినా అక్కడ పర్మనెంట్ పోస్టు రాలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూకి పనికొచ్చే మందు అది!

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. కణం రెండు కావాలంటే కొత్త డీఎన్‌ఏ కావాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. బ్లడ్ క్యాన్సర్ కణాలు ఆగకుండా పెరుగుతాయి. మరి ఫోలిక్ యాసిడ్‌లాగే కనిపించి, దాని పని చేయని పదార్థం ఇస్తే? ఎంజైమ్ దాన్నే అసలుదనుకుని పట్టుకుంటుంది, మన భాషలో చెప్పాలంటే హ్యాంగ్ అయిపోతుంది. సుబ్బారావు గారి టీమ్ చేసిన అలాంటి మందే అమినోప్టెరిన్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని 16 మంది పిల్లలకిచ్చారు. 10 మందికి గుణం కనిపించింది, కానీ కొంతకాలమే. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆగస్టు 8న సుబ్బారావు గారు గుండెపోటుతో పోయారు. వయసు 53.

అమినోప్టెరిన్‌కి తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ కూడా ఆ ల్యాబ్‌దే. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి ఇంకొన్ని మందులతో కలిపి ఇప్పటికీ వాడుతున్నారు, చాలామంది కోలుకుంటున్నారు.

బనగానపల్లెలో మా అవ్వకి కీళ్లవాతం. డాక్టరు తక్కువ డోసు మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోమని రాశాడు (రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం), తోడుగా ఫోలిక్ యాసిడ్. ఎవరో ఫోన్లో చూసి అది క్యాన్సర్ మందని చెప్పేసరికి, నాకేదో దాస్తున్నారని అవ్వ రెండు నెలలు మానేసింది. వేళ్లు వాచి ముద్ద కూడా కలుపుకోలేకపోయింది. సెలవులకి పోయినప్పుడు ఈ కథంతా చెప్పి, మళ్లీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినా. ఆ చీటీలో రెండు మందులూ ఒక తెలుగాయన ల్యాబ్‌లో పుట్టినవే అంటే నమ్మలేదు!

ఇప్పుడు కార్-టి వచ్చింది. రోగి కణాల్నే మార్చి క్యాన్సర్ మీదికి పంపే చికిత్స. ఐఐటీ బాంబేలో పుట్టిన దానికి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఇలాంటి వార్త ఫార్వర్డ్ చేసేముందు మూడు ప్రశ్నలు అడుగుదాం: ఏ క్యాన్సర్‌కి? ఎంతమందిలో పనిచేసింది? ఎంతకాలం? 1948లో జవాబు 16 మందిలో 10 మంది, కొంతకాలం. అంత నిజాయితీగా చెప్పారు కాబట్టే తర్వాతివాళ్లకి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసింది.