ఎరిక్ విడ్మార్కు: రక్తబిందువు పలికిన సాక్ష్యము

మోటారు బండ్లు రహదారులపైకి వచ్చిన తొలిదినములలో, త్రాగి బండి నడిపినవానిని పట్టుకొనుట సులభముగనే యుండెను. వాడు త్రాగియున్నాడని రుజువు చేయుట మాత్రము కష్టముగ నుండెను. వైద్యుడు వాని నోటి వాసన చూచును, గీతపై నడిపించును, మాట తడబడుచున్నదేమో వినును. త్రాగుడున కలవాటుపడినవాడు తిన్నగా నడచి తప్పించుకొనవచ్చును. తలకు దెబ్బతగిలినవాడో, మధుమేహరోగియో తూలి, చేయని నేరమునకు శిక్షింపబడవచ్చును. ఈ చిక్కును విప్పుటకు పాటుపడిన శాస్త్రజ్ఞుని చరిత్రను మనము తెలిసికొందము.

ఎరిక్ విడ్మార్కు 1889లో స్వీడను దేశమున జన్మించెను. తరువాత లుండ్ విశ్వవిద్యాలయమున వైద్య రసాయన శాస్త్రాచార్యుడయ్యెను. మధుమేహము ముదిరినవారి ఊపిరిలో అసిటోను అను పదార్థపు వాసన యుండును. దానిని మద్యపు వాసనయని పొరబడువారు కలరు. ఆయన ఈ అసిటోనును గూర్చియు పరిశోధన చేసెను.

1922లో ఆయన మద్యసారమును కొలుచు పద్ధతి నొకదానిని ప్రకటించెను. అందులకు వ్రేలికొననుండి తీసిన కొద్దిపాటి రక్తము చాలును. సీసా అడుగున గంధకామ్లముతో కలిపిన పొటాసియం డైక్రోమేటు ద్రావణము నుంచుదురు. మూతనుండి వ్రేలాడు చిన్న గిన్నెలో రక్తము నుంచి, సీసాను వేడినీటిలో నిలుపుదురు. రక్తమందలి మద్యసారము ఆవిరియై ద్రావణమును చేరును. అప్పుడు డైక్రోమేటు ఎంత ఖర్చయినదో లెక్కించినచో, రక్తమున మద్యసారమెంత కలదో తేలును.

ఆయన అంతటితో తృప్తిపడలేదు. కొందరు స్త్రీపురుషులకు కొలిచిన మోతాదులో మద్యమిచ్చి, గంటల తరబడి వారి రక్తమును పరీక్షించెను. దేహము బరువును బట్టియు, స్త్రీపురుష భేదమును బట్టియు రక్తమున దాని పాలు మారునని కనుగొనెను. అది గంటకు వేయింటికి సుమారు 0.15 పాలు చొప్పున మాత్రమే తగ్గును. కాఫీ త్రాగినను, చన్నీళ్ల స్నానము చేసినను త్వరపడదు. కాలమొక్కటే దానికి మందు. ఈ ఫలితములను 1932లో జర్మను భాషలో గ్రంథముగా వెలువరించెను. ఆయన సూత్రమును న్యాయస్థానములు నేటికిని వాడుచున్నవి.

1936లో నార్వే, 1941లో స్వీడను రక్తమందలి మద్యసారమునకు శాసనముచే హద్దు విధించినవి. స్వీడను నిర్ణయించిన హద్దు వేయింటికి 0.8 పాలు. తన శ్రమ చట్టముగా మారుట కన్నులార చూచి, విడ్మార్కు 1945లో దివంగతుడయ్యెను. 1954లో అమెరికాలో బోర్కెన్‌స్టీను నిర్మించిన శ్వాసపరీక్షా యంత్రమునందును ఆ డైక్రోమేటే పనిచేసెను. మనదేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములను హద్దుగా నుంచినది.

విద్యార్థులారా! ఈ కొలత దోషిని పట్టియిచ్చుటకు మాత్రమే పుట్టినది కాదు. నిర్దోషిని విడిపించుటకును అదియే ఆధారము. తూలువారందరును త్రాగినవారు కారు. తిన్నగా నిలిచినవారందరును త్రాగనివారు కారు. కంటికి తోచినదానిని కొలిచి చూచినగాని తీర్పు చెప్పరాదని విడ్మార్కు జీవితము మనకు నేర్పుచున్నది.